చెట్టుకిచ్చే విరాళం, చెట్టును బతికించే విరాళం

ఉద్యానవనానికి ఇచ్చిన విరాళం ఎటు పోతుంది, తోట పెరగడానికీ వచ్చేవాళ్లు నేర్చుకోవడానికీ ఎంతవరకు పనికొస్తుంది అని అడిగారు. చాలామంది దాతలు ఒక చెట్టు నాటించమంటారు. తోటవాళ్లకు చెట్టు దొరకడం కష్టం కాదు. దాన్ని మూడేళ్లు సాకే మనిషికి జీతం దొరకడమే కష్టం.

నాటిన మొక్క నిలదొక్కుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ వానలేనప్పుడు పాదు తడపాలి, కలుపు తియ్యాలి, 5–8 సెంటీమీటర్ల మందాన మల్చింగ్ (ఎండుటాకులు, చెక్కపొట్టు లాంటి కప్పు) పరిచి మొదలుకు తగలకుండా చూడాలి. ఊతకర్ర తాడు ఏడాది తిరిగేసరికి విప్పెయ్యాలి. ఇవేవీ ప్రారంభోత్సవం ఫొటోలో పడవు, అందుకే వీటికి ఇచ్చేవాళ్లు తక్కువ. ఇక నాటేటప్పుడు తరచుగా జరిగే తప్పు మొదలును మట్టిలో పూడ్చేయడం. గుంత వెడల్పు వేళ్లచుట్టూ ఉన్న మట్టిగడ్డకు రెండు మూడు రెట్లుండాలి, లోతు మాత్రం గడ్డంతే. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు నేలమట్టాన కనిపించాలి. అది పూడిపోతే బెరడు కుళ్లి, కొన్నేళ్లకు చెట్టు ఎండిపోతుంది. దాత పేరుపలక మాత్రం అక్కడే ఉంటుంది.

పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు శాశ్వత నిధి గురించి అడగండి. అసలు కరగకుండా ఏటా అందులో 4–5 శాతమే వాడతారు. అంటే ఒక తోటమాలి జీతం ఎప్పటికీ అందాలంటే ఏడాది జీతానికి 20–25 రెట్లు జమ కావాలి. అంత ఇవ్వలేకపోతే ‘ఏ అవసరానికైనా వాడుకోండి’ అని రాసివ్వండి. గులాబీల కోసమని ఇచ్చిన సొమ్ముతో కాలిపోయిన పంపు బాగుచేయించకూడదు మరి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హెన్రీ షా అనే వ్యాపారి సొంత డబ్బుతో పెట్టి 1859లో జనానికి తెరిచిన మిస్సోరీ బొటానికల్ గార్డెన్ ఇప్పటికీ నడుస్తోంది. ఆయన తోటతోపాటు దాన్ని పోషించే ఆస్తులూ ట్రస్టుకు రాశాడు.

నేర్పే విషయానికొస్తే, తక్కువ ఖర్చుతో ఎక్కువ పనిచేసేది మొక్క పేరుపలక. శాస్త్రీయ నామం, కుటుంబం, వాడుక పేరు, పుట్టిన ప్రాంతం, నమోదు సంఖ్య ఉండాలి. 2024-0153 అంటే 2024లో నమోదైన 153వది. ఆ సంఖ్య పోతే మొక్క ఎక్కడిదో రిజిస్టరులో వెతకలేం, పరిశోధనకు అది దాదాపు పనికిరాదు. పలకను కాండానికి తీగతో చుట్టకూడదు. చెట్టు లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగి, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరే దారి మూసేస్తుంది. స్ప్రింగు వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూతో వదులుగా బిగిస్తే, చెట్టుతోపాటు పలక ముందుకు జరుగుతుంది. వివరాల బోర్డు 60–80 మాటలు దాటితే నిలబడి చదివేవాళ్లు తక్కువ. ఎర్ర అక్షరాలు ఎండకు ముందుగా వెలిసిపోతాయి. క్యూఆర్ కోడ్ తోట సొంత వెబ్‌సైట్‌కే వెళ్లాలి. ఏదో ఉచిత లింకు వాడితే అది ఆగిపోయిన రోజున బోర్డులన్నీ మళ్లీ చేయించాలి.

బోర్డుకన్నా మనిషి బాగా నేర్పుతాడు. 10–15 మంది పిల్లలకు ఒక గైడు, తలా ఒక భూతద్దం ఉంటే చాలు. బడులు రాకపోవడానికి ప్రవేశ రుసుముకన్నా బస్సు అద్దె పెద్ద అడ్డంకి. దానికి విరాళమివ్వాలని దాతలకు తోచదు.

ఇచ్చేముందు చెట్టు చస్తే మళ్లీ నాటుతారా, దాత పేరు ఎన్నేళ్లు ఉంచుతారు, మిగిలిన డబ్బు దేనికి వాడతారు అన్నవి రాయించుకోండి. ఇంట్లో మొక్కలు మాత్రం అడగకుండా తోటకు తీసుకెళ్లి ఇవ్వొద్దు. వాటితో పిండినల్లి, మట్టిలో నులిపురుగులు వస్తాయి. తీసుకున్నా, కొన్ని వారాలు విడిగా ఉంచి చూశాకే తోటలో పెడతారు.