మెట్లు దిగేటప్పుడే మోకాలి నొప్పి, మసాజ్ హాయి నిలవకపోవడం – సమాధానం

తిరుమల అలిపిరి మెట్లు దిగేటప్పుడే మోకాలు నొప్పి, మసాజ్ చేయించినా మళ్లీ మొదలు, ఏం చేయాలని అడిగారు. ఎక్కేటప్పుడు బాగుండి, దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అంటే ఎక్కువగా చిప్ప వెనక ఒత్తిడే. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. తొడ ముందు కండరం దాన్ని ఆపాలి, ఆ బలం చాలట్లేదు.

ఫిజియో చేత్తో నొక్కితే రెండు రోజులే హాయి అన్నారు. అది సహజమే. చేత్తో చేసే చికిత్స నొప్పి తగ్గిస్తుంది, బలం ఇవ్వదు. (నొక్కేటప్పుడు టప్పుమంటే ఎముక సర్దుకుందనీ కాదు.)

అందరూ వదిలేసేది ఇదే: ఆ హాయి ఉన్నప్పుడే వ్యాయామం చేయాలి. ఇంటికొచ్చి పడుకుంటే డబ్బు దండగ.

1. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, చాలా మెల్లగా కూర్చోండి. 10 సార్లు, 3 విడతలు.
2. పక్కకు పడుకొని పై కాలు మోకాలు వంచకుండా పైకి ఎత్తండి. నొప్పి మోకాలిలో కదా అని దీన్ని మానేస్తారు. పిరుదు కండరం బలహీనమైతే మోకాలు లోపలికి వాలుతుంది.
3. వారానికి 3 రోజులు, కనీసం 6 వారాలు. నొప్పి 10కి 3 దాటితే తగ్గించండి.
4. అంతవరకు కొండ నడిచి ఎక్కినా, బస్సులో దిగండి.

మోకాలు వాచినా, పట్టేసినా, జ్వరమున్నా తిరుపతిలో బర్డ్‌ (టీటీడీ ఎముకల ఆసుపత్రి)లోనో, రుయా ప్రభుత్వాసుపత్రిలోనో ఎముకల డాక్టరుకు చూపించండి. పిక్క వాచి వేడిగా ఉంటే మసాజ్ అసలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.