వెతికించేవాడికి ఏం కావాలి? ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలూ, చివరి అధ్యాయమూ చదివాను. 2007లో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి దుబాయ్ పోయి, మరుసటి ఏడు నుంచి కబురు లేని మనిషి. ఇన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ప్రైవేట్ డిటెక్టివ్‌ను పెట్టి అతన్ని వెతికిస్తున్న తమ్ముడు. ఎత్తుగడ బాగుంది. మూడో అధ్యాయంలో నీ డిటెక్టివ్ ఫోన్ కంపెనీ స్నేహితుణ్ని పట్టుకుని 2008 నాటి కాల్ డేటా తెప్పించాడు చూడు, అక్కడే కథ చచ్చిపోయింది.

కాల్ రికార్డులు అన్నేళ్లు ఉండవు. కంపెనీలు ఒకప్పుడు ఏడాది దాచేవి, 2021 చివర్లో దాన్ని రెండేళ్లు చేశారు. అవి కావాలంటే ఎస్పీ స్థాయి పోలీసు అధికారి అడగాలి. దొడ్డిదారిన సంపాదించినందుకు 2018లో ఠాణే పోలీసులు ప్రైవేట్ డిటెక్టివ్‌లనే అరెస్టు చేశారు. అసలు మన దగ్గర డిటెక్టివ్‌కు లైసెన్సు ఇచ్చే చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. నీ కథానాయకుడి జేబులో ఉండేది ఉత్త విజిటింగ్ కార్డు. ఎవరినీ ఆపలేడు, ఏ ఇల్లూ సోదా చేయలేడు, ఆధార్ వివరాలు అడిగితే ఇచ్చేవాడు లేడు. ఈ చేతకానితనమే నీకు పెట్టుబడి.

ఇక అసలు సంగతి. ఇప్పుడే ఎందుకు వెతికిస్తున్నాడు? "అన్న మీద ప్రేమ" అని రాశావు. ప్రేమ ఉంటే ఉండనీ, పదహారేళ్లు ఆగి ఒక్కసారిగా అడ్వాన్సు కట్టించేది మాత్రం సాధారణంగా భూమి. అయితే లెక్క సరిగ్గా వెయ్యి. అన్నకు పెళ్లాం పిల్లలు ఉంటే, చనిపోయాడని తేలినా అతని వాటా వాళ్లకీ తల్లికీ పోతుంది, తమ్ముడికి పైసా రాదు. అన్నను పెళ్లికానివాడిగా చెయ్యి, అప్పుడు బిగువు వస్తుంది. భూమి తండ్రి స్వార్జితం అనుకో, తండ్రి కంటే ముందు పోయుంటే అతనికి వాటాయే లేదు. తర్వాత పోయుంటే ఆ వాటా తల్లికి. మధ్యలో ఒక అక్కను కూడా పెట్టావంటే ఒక్క తేదీ మీద ఇల్లు రెండు ముక్కలవుతుంది.

ఏడేళ్లు కనబడకపోతే చనిపోయినట్టే అని నీ వకీలు పాత్ర తేలిగ్గా అనేసింది. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 111. అది చెప్పేది వేరు: బతికుంటే సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే, బతికున్నాడని నిరూపించే భారం అలా అనేవాడి మీద పడుతుంది. ఏ రోజు చనిపోయాడన్నది మాత్రం కోర్టు ఊహించదు. 2004లో ఎల్ఐసీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. కాబట్టి అక్కకు 2019లో ఒక్క ఫోన్ వచ్చి, ఆమె దాన్ని దాచిందనుకో, తమ్ముడి దావా మొత్తం కూలిపోతుంది. పైగా ఇలాంటి క్లయింటుకు అన్న దొరకడం కంటే "ఎంత వెతికినా దొరకలేదు" అన్న రిపోర్టే ముద్దు. నీ డిటెక్టివ్‌కు అది ఎప్పుడు అర్థమవుతుంది? నన్నడిగితే నవల అక్కడుంది.

వెతుకులాట కాగితాలతో మొదలవుతుంది. ఊరి సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించు. కంప్యూటర్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అందులో 2011లో ఒక లావాదేవీ కనబడిందనుకో: అన్న తరఫున జీపీఏ (అమ్మే అధికారం ఇచ్చే పత్రం) ఉన్నవాడు అర ఎకరం అమ్మాడు. డాక్యుమెంట్ నంబరు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టాలి. దుబాయ్‌లో రాసిన జీపీఏ అయితే దాని మీద మన కాన్సులేట్ ముద్ర, తేదీ, కౌంటర్ దగ్గర నిలబడి పెట్టిన సంతకం ఉంటాయి. ఇండియాకు చేరిన మూడు నెలల్లో దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి, ఆ తేదీ కూడా పడుతుంది. 2008లో మాయమైనవాడు 2011లో కాన్సులేట్‌లో నిలబడ్డాడన్నమాట. లేదా వాడి పాస్‌పోర్టుతో ఇంకెవడో నిలబడ్డాడు. ఆ నిలబడ్డవాడు దొరికితే అన్నేనా అని తేల్చడానికి అన్న పదో తరగతి సర్టిఫికెట్ తీయించు. అందులో రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. సంతకం ఎవడైనా దించుతాడు, కుడి మోచేతి మీద మచ్చను దించలేడు.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఆ ప్రాంతంలో ఒకే ఊళ్లో నలుగురు గంగారాంలు ఉంటారు. ఏజెంటు తీయించిన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎటో పోయి, పుట్టిన తేదీ జనవరి 1 అయి కూర్చుంటుంది. కంపెనీ వదిలి కల్లివెల్లి అయినవాణ్ని, అంటే కాగితాల్లేకుండా దొంగచాటుగా బతికేవాణ్ని, క్యాంపులో అసలు పేరుతో ఎవరూ ఎరగరు. దుబాయ్‌లో కూలీల క్యాంపులుండే సోనాపూర్ పోయి ఫొటో చూపిస్తే దొరికిపోతాడని రాయకు. ఊరికి తిరిగొచ్చిన రూమ్‌మేట్లు ముందు, దుబాయ్ తర్వాత.

పల్లెలో విచారణ సన్నివేశాల్లో తేదీలు అడిగించకు. "చివరిసారి ఎప్పుడు ఫోన్ చేశాడు?" అంటే ముసలమ్మ ఏదో ఒకటి చెబుతుంది. వైఎస్ పోకముందా, పోయినాకా? సకల జనుల సమ్మెకు ఇంట్లో టీవీ ఉందా? అలా అడిగితే ఏడాది తేలుతుంది. "పుష్కరాల్లో ధర్మపురిలో చూసినం" అని ఒకడు తప్పకుండా అంటాడు. ఏ పుష్కరాలో అడగాలి. 2003 అయితే అప్పటికి వాడు ఊళ్లోనే ఉన్నాడు.

పోలీసు ఫైలు గురించి రెండు మాటలు. అప్పట్లో ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఎఫ్ఐఆర్ మీద "మ్యాన్ మిస్సింగ్" అని ఉంటుంది, జిల్లా కరీంనగర్ అని ఉంటుంది. జగిత్యాల జిల్లా పుట్టింది 2016 అక్టోబరులో. నీ డిటెక్టివ్ కొత్త ఎస్పీ ఆఫీసులో ఒక పూట, పాత దాంట్లో ఒక పూట కూర్చుని ఉత్త చేతులతో బయటికి రావాలి. దాన్ని రెండు పేరాల్లో తేల్చెయ్యి.

చివరి అధ్యాయంలో అన్న చిరునామా నేరుగా తమ్ముడి చేతిలో పెట్టించావు. తనంత తాను వెళ్లిపోయిన వయసొచ్చిన మనిషి చిరునామా అతన్ని అడక్కుండా ఇవ్వకూడదు. ఎదుటివాడు అన్న వాటా కోసం కాచుకున్నవాడైతే మరీనూ. ముందు అన్ననే అడగాలి, "చెప్పమంటావా?" అని. వద్దంటే తమ్ముడికి రిపోర్టులో ఏం రాస్తాడో, మిగతా ఫీజు అడుగుతాడో లేదో, అది నువ్వు రాయి. మూడో అధ్యాయం తిరగరాశాక ఆ రెండూ కలిపి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య