సర్వీస్ క్లాసు నుంచి సొంత ఈవెంట్లు

ప్రశ్న: మా స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌లో ఆర్డర్ సర్వీసు క్లాసు నేరుగా మెయిల్ క్లాసును పిలిచేది. ఈ ముడి విప్పడానికి సొంత ఈవెంట్‌ను పబ్లిష్ చేసి, మెయిల్ పనిని లిజనర్‌కు (ఆ ఈవెంట్ రాగానే నడిచే మెథడ్‌కు) అప్పగించాను. అయినా మెయిల్ సర్వర్ పని చేయనప్పుడు ఆర్డరు కూడా రద్దవుతోంది. ఎందుకు?

జవాబు: ఈవెంట్ పబ్లిష్ చేసినంత మాత్రాన పని వేరే థ్రెడ్‌లోకి వెళ్లిపోదు. స్ప్రింగ్‌లో ‘పబ్లిష్‌ఈవెంట్’ మెథడ్ మామూలుగా లిజనర్లన్నిటినీ అదే థ్రెడ్‌లో ఒకదాని తర్వాత ఒకటి నడిపించి, అవన్నీ ముగిశాకే వెనక్కి వస్తుంది కాబట్టి, లిజనర్‌లో పుట్టిన ఎక్సెప్షన్ తిన్నగా మీ సర్వీసు మెథడ్‌కే చేరి, అక్కడ నడుస్తున్న ట్రాన్సాక్షన్‌ను (అన్నీ కలిసి నిలిచే లేదా రద్దయ్యే డేటాబేస్ మార్పుల గుంపును) రోల్‌బ్యాక్, అంటే రద్దు, చేయిస్తుంది. మీరు విడదీసింది క్లాసులను మాత్రమే. ట్రాన్సాక్షన్ ఇంకా ఒక్కటే.

మెయిల్ లిజనర్‌పై ‘ఈవెంట్‌లిజనర్’ బదులు ‘ట్రాన్సాక్షనల్‌ఈవెంట్‌లిజనర్’ అనోటేషన్ పెట్టండి. అప్పుడది ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాకే (మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యాకే) నడుస్తుంది. మెయిల్ విఫలమైనా ఆర్డరు చెక్కుచెదరదు. అంతకంటే ముఖ్యంగా, రోల్‌బ్యాక్ అయిన ఆర్డరుకు ‘మీ ఆర్డరు అందింది’ అన్న మెయిల్ వెళ్లే ప్రమాదం తప్పుతుంది. అయితే పబ్లిష్ చేసే సమయానికి ట్రాన్సాక్షన్ లేకపోతే, ‘ఫాల్‌బ్యాక్‌ఎగ్జిక్యూషన్’ను ట్రూ చేయనంతవరకు, ఈ లిజనర్ అసలు నడవదు, ఎర్రర్ కూడా రాదు. అలాగే కమిట్ తర్వాత నడిచే లిజనర్ డేటాబేస్‌లో ఏదైనా రాయాలంటే దానికి ‘రిక్వయర్స్ న్యూ’తో కొత్త ట్రాన్సాక్షన్ ఇవ్వాలి.

ఈవెంట్ క్లాసు విషయానికొస్తే, స్ప్రింగ్ 4.2 వెర్షన్ నుంచి అది ‘అప్లికేషన్‌ఈవెంట్’ను ఎక్స్‌టెండ్ చేయనవసరం లేదు, చిన్న జావా రికార్డు (విలువలను మాత్రమే పట్టుకునే క్లాసు) చాలు. ‘అప్లికేషన్‌ఈవెంట్‌పబ్లిషర్’ను కన్‌స్ట్రక్టర్ ద్వారా తీసుకోండి. రికార్డులో ఎంటిటీని (డేటాబేస్ టేబుల్‌లోని వరుసకు ప్రతిరూపమైన ఆబ్జెక్టును) పెట్టకుండా ఆర్డర్ ఐడీ, లిజనర్‌కు కావలసిన విలువలు మాత్రమే పెట్టడం మేలు, ఎందుకంటే డేటాబేస్ సెషన్ మూసుకున్నాక ఎంటిటీలోని లేజీ ఫీల్డును (అడిగినప్పుడే డేటాబేస్ నుంచి తెచ్చేదాన్ని) తాకితే ఎక్సెప్షన్ వస్తుంది. పేరు కూడా ‘ఆర్డర్‌ప్లేస్డ్’ అన్నట్టు జరిగిపోయిన సంగతిని చెప్పాలి. ‘సెండ్‌మెయిల్’ అని పెడితే, ఎవరు వింటున్నారో సర్వీసుకు తెలిసినట్టే. విడదీయడంలో అర్థమే ఉండదు.

మెయిల్ పూర్తయ్యేదాకా యూజరును ఆపకూడదనుకుంటే లిజనర్‌కు ‘అసింక్’ జోడించి, కాన్ఫిగరేషన్‌లో ‘ఎనేబుల్‌అసింక్’ పెట్టండి. కానీ ఈ ఈవెంట్లు మెమరీలోనే ఉంటాయి. కమిట్‌కూ మెయిల్‌కూ మధ్య సర్వర్ ఆగిపోతే ఆ మెయిల్ ఇక వెళ్లదు. అది తప్పకుండా వెళ్లాల్సిందే అయితే, ఈవెంట్‌ను ఆర్డరుతోపాటు అదే ట్రాన్సాక్షన్‌లో ఒక ఔట్‌బాక్స్ టేబుల్‌లో (పంపాల్సినవాటిని దాచే టేబుల్‌లో) రాయండి, లేదా ఆ పనిని స్ప్రింగ్ మాడ్యులిత్ అనే స్ప్రింగ్ ప్రాజెక్టుకు అప్పగించండి.