వారానికొక సాయంత్రం: సేవా క్లబ్బుల గురించి పాఠకుల ప్రశ్నలు

హనుమకొండలోని ఒక సేవా క్లబ్బులో ఇరవై ఏళ్లకు పైగా సభ్యుడిగా ఉన్నానని తెలిసిన పాఠకులు, క్లబ్బుల మంచిచెడ్డల గురించి నాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. వాటిలో పదే పదే కనిపించిన కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: గత జూలైలో మా ఊరి క్లబ్బులో సభ్యుడిగా చేరాను. ప్రతి గురువారం సాయంత్రం మీటింగు అంటారు. వెళ్తే గంట కొట్టడం, ప్రార్థన, పుట్టినరోజు శుభాకాంక్షలు, టీ టిఫిన్లు, ఎవరో ఒకరి ఉపన్యాసం, చివరికి జాతీయగీతం. ఈ సమయమూ ఈ ఖర్చూ నేరుగా పేదవారికి పెడితే మంచిది కదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చేరిన కొత్తలో నేనూ ఇదే మాట మా సెక్రటరీ గారిని అడిగాను. ఆయన వాదించలేదు, "ఏడాదిపాటు క్రమం తప్పకుండా రండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. మీకూ అదే చెప్పవచ్చు గానీ, ఉత్తరం రాసి మరీ అడిగినవారికి అది సరైన జవాబు కాదు.

ముందుగా డబ్బు సంగతి చెబుతాను. టీ టిఫిన్ల ఖర్చు సభ్యులు కట్టే చందాలోంచి రావాలి. ప్రజల నుంచి సేవ పేరిట వసూలు చేసిన విరాళం వేరే ఖాతాలో ఉండాలి, అందులోంచి ఒక్క రూపాయి కూడా మీటింగు ఖర్చుకు పోకూడదు. మీ క్లబ్బులో ఆ రెండు ఖాతాలూ విడివిడిగా ఉన్నాయో లేవో ట్రెజరర్ గారిని అడగండి. ఉంటే, మీరు తాగిన టీ ఏ పేదవాడి నోటి దగ్గరిదీ కాదు.

ఇక సమయం సంగతి. రోటరీ క్లబ్బు ఎలా పుట్టిందో చూడండి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి కూర్చున్నప్పుడు వారి మనసులో సేవ లేదు. ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు దర్జీ. చిన్న ఊళ్లో పెరిగి మహానగరానికి వచ్చిన హారిస్‌కు అక్కడ పరిచయస్తులు ఎందరో ఉన్నా ఆత్మీయులు లేరు. ఆ వెలితి తీర్చుకోవడానికే వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకసారి కలుసుకున్నారు, అలా తిరుగుతూ కలవడం వల్లనే దానికి రోటరీ అనే పేరు వచ్చింది. సేవ ఆ తర్వాత వచ్చింది. 1907లో ఆ క్లబ్బు చేపట్టిన తొలి ప్రజాసేవ, నగరంలో అందరికీ ఉపయోగపడే మరుగుదొడ్ల ఏర్పాటుకు పూనుకోవడం. స్నేహం ముందు, సేవ తర్వాత అనే ఈ వరుస నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే మన దగ్గర చాలా క్లబ్బులు దీన్ని తలకిందులు చేసి, ఏడాదికి నాలుగు పెద్ద కార్యక్రమాలు పెట్టి, వారం వారం కలవడం మానేసి, మూడో ఏడాదికల్లా పేరుకు మాత్రమే మిగిలాయి.

మా క్లబ్బులో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. ప్రధానోపాధ్యాయుడిగా రిటైరైన ఒక సభ్యుడు ఒక గురువారం పకోడీల ప్లేటు చేతిలో పట్టుకొని, పక్కన కూర్చున్న హార్డ్‌వేర్ దుకాణదారుతో మాటల్లో మాటగా ఒక బడి గురించి చెప్పారు. అక్కడ ఆడపిల్లల మరుగుదొడ్డి కట్టి మూడేళ్లయినా తలుపులకు లోపలి గడియలు లేవు. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు లాగి పట్టుకొని నిలబడాలి, అందుకని కొందరు పొద్దంతా నీళ్లు తాగడమే మానేశారు. దుకాణదారు ఆ పూట ఏమీ అనలేదు. శనివారం ఉదయం ఆరు గడియలూ ఒక వడ్రంగినీ వెంటబెట్టుకొని ఆ బడికి వెళ్లారు. అవి ప్లాస్టిక్ తలుపులు కావడంతో మరమేకులకు పట్టు చిక్కలేదు. వడ్రంగి ఒక్కో తలుపు వెనక అరచేయంత చెక్కముక్క పెట్టి, దాని మీద గడియ బిగించి, ప్రతి గడియనూ పదిసార్లు వేసి తీసి చూశాడట. మా ప్రాజెక్టుల పుస్తకంలో ఈ పని నమోదు కాలేదు, దానికి ఫొటో కూడా లేదు. వారిద్దరూ ఆ సాయంత్రం పక్కపక్కన కూర్చోకపోతే అది జరిగేది కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2023 జూలై చివరి వారంలో కురిసిన కుండపోత వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి జనం ఇళ్ల కప్పులెక్కిన రోజున, ఇటు మన నగరంలోనూ లోతట్టు కాలనీలలో ఇళ్లలోకి నీళ్లు చేరాయి. ఆ రోజు మా క్లబ్బులో ఎవరూ అత్యవసర సమావేశం పిలవలేదు, దాని అవసరం రాలేదు. కేటరింగ్ చేసే సభ్యుడి దగ్గర ఎన్ని గుండిగలున్నాయో, ఎవరి తమ్ముడికి ట్రాక్టరు ఉందో, ఎవరి ఫంక్షన్ హాలు ఎత్తులో ఉందో, ఏ డాక్టరు గారు ఎన్ని గంటలకు ఫోన్ ఎత్తుతారో ఏళ్ల తరబడి కలిసి కూర్చున్నందువల్ల అందరికీ తెలుసు. మధ్యాహ్నానికి పులిహోర పొట్లాలు బయల్దేరాయి. మీరు చెప్పిన పుట్టినరోజు శుభాకాంక్షలు, ఉపన్యాసాలు, టీ కప్పుల మధ్య పోగయ్యేది ఈ ఎరుకే.

అయితే మీ ఫిర్యాదులో న్యాయం లేదని అనను. మొక్కుబడిగా నడిచే మీటింగు ఎవరినైనా విసిగిస్తుంది. గంట కొట్టాక పది నిమిషాలలో లాంఛనాలు ముగించి, వెళ్లిన వారం చేసిన పని, వచ్చే వారం చేయాల్సిన పని చెప్పుకొని, మిగిలిన సమయం మాటలకు వదిలితే ఎవరూ గడియారం చూడరు. ఉపన్యాసానికి బయటివారినే పిలవాలని కూడా లేదు. మా దగ్గర ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే సభ్యుడొకరు, బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి చూసి తేమ ఎంతుందో ఎలా అంచనా కడతారో చెప్పిన సాయంత్రం, తొమ్మిదిన్నర దాటినా ఒక్కరూ లేవలేదు.

ప్రశ్న: నాది బట్టల దుకాణం. సాయంత్రాలు గిరాకీ ఉండే వేళ కావడంతో నెలలో రెండు మీటింగులకు మించి వెళ్లలేకపోతున్నాను. హాజరు తక్కువైతే సభ్యత్వం పోతుందా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: కంగారు పడకండి. రోటరీలో ఒకప్పుడు వారం వారం కలవడం తప్పనిసరి. 2016లో నిబంధనలు సడలించి, నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలన్నారు. ఆన్‌లైన్‌లో కలిసే వెసులుబాటు కూడా ఇచ్చారు. మీ క్లబ్బు మీటింగు తప్పిపోతే మరో ఊరి క్లబ్బు మీటింగుకు వెళ్లి హాజరు పూడ్చుకునే పద్ధతి పాతదే. సరుకు కోసం వెళ్లిన ఊళ్లో క్లబ్బు ఉంటే ఒక పూట అక్కడ కూర్చొని రండి, కొత్త స్నేహాలు కలుస్తాయి. లయన్స్, వాసవి తదితర క్లబ్బుల నియమాలు వేరుగా ఉంటాయి గనుక మీ సెక్రటరీ గారితో ఒక మాట అనుకోండి. దసరా, సంక్రాంతి గిరాకీ రోజుల్లో రాలేనని ముందే చెప్పిన సభ్యుడిని ఎవరూ తప్పుపట్టరు. చెప్పకుండా మానేసిన సభ్యుడి కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం అందరికీ వెలితిగా ఉంటుంది.

ప్రశ్న: మా వారు పదేళ్లుగా క్లబ్బు సభ్యులు. కార్యక్రమాలలో వంటా వార్పూ, బహుమతుల ప్యాకింగూ మా ఆడవాళ్లమే చూసుకుంటాం, మీటింగుకు మాత్రం కుటుంబాల రాత్రి నాడే పిలుస్తారు. నేను టీచరును. సొంతంగా సభ్యురాలిని కావచ్చునా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నిస్సందేహంగా కావచ్చునమ్మా. లయన్స్ సంస్థ 1987లో మహిళలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు రోటరీకి సంబంధించిన కేసులో మహిళలకు అనుకూలంగా తీర్పు చెప్పగా, 1989లో రోటరీ తన నిబంధనల నుంచి పురుషులకు మాత్రమే అన్న షరతును ప్రపంచమంతటా తొలగించింది. 1924లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మొదలైన ఇన్నర్ వీల్ వంటి మహిళా సంస్థలు కూడా ఉన్నాయి, వాటి పని గొప్పదే. కానీ మీరు అడిగింది భర్త సభ్యత్వపు నీడలో కాకుండా సొంత పేరుతో కుర్చీ కావాలని. దరఖాస్తు తీసుకొని మీ వృత్తి దగ్గర "ఉపాధ్యాయురాలు" అని రాయండి. మీరు ఇన్నాళ్లూ చేసిన వంట, ప్యాకింగు కూడా క్లబ్బు పనే. అది ఏ రోజు, ఎంతమందికి చేయాలో నిర్ణయించే బల్ల దగ్గర మీరు లేకపోవడమే లోపం. మా క్లబ్బులో మహిళా సభ్యులు వచ్చాక మీటింగులు సమయానికి మొదలై సమయానికి ముగుస్తున్నాయి, బడుల పనులు కూడా పెరిగాయి.

ప్రశ్న: మా చిన్న క్లబ్బు ఎంతో కష్టపడి ఉచిత కంటి శిబిరం పెడితే ముప్పై మంది కూడా రాలేదు. రక్తదాన శిబిరం పెడితే మాత్రం ఒక్కరోజే కుప్పలుగా వచ్చారు. మేము ఎక్కడ పొరబడుతున్నాం?
– ఒక క్లబ్బు కార్యదర్శి, నర్సంపేట

జవాబు: మీరు శిబిరం ఏ నెలలో పెట్టారో రాయలేదు. మేము ఒకసారి పత్తి ఏరే రోజుల్లో పెట్టి చేతులు కాల్చుకున్నాం. డాక్టర్లు వచ్చారు, టెంటు వేశాం, భోజనాలు వండించాం, జనం మాత్రం చేలల్లో ఉన్నారు. ఏరాల్సిన పత్తి చెట్టు మీద ఉండగా కూలి మానుకొని ఎవరూ రారు. ఆ తప్పు ఎవరిదో కాదు, మాదే. అప్పటి నుంచి పత్తి ఏరే నెలలు, నాట్ల రోజులు, మేడారం జాతర ఉన్న ఏడాదైతే ఆ మాఘమాసం వదిలేసి, సర్పంచినీ ఆశా కార్యకర్తనూ అడిగాకే తేదీ ఖరారు చేస్తున్నాం. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఏ ముసలమ్మకు చూపు మసకబారిందో తెలుసు. పిలుపు ఆమె నోట వస్తేనే నమ్మకం. ఆపరేషన్ తర్వాత చుక్కల మందు వేసే మనిషి ఇంట్లో ఉన్నారా, తిరిగి చూపించుకోవడానికి బండి ఉందా అన్నది కూడా ముందే ఆలోచించండి. 1925లో, చూపూ వినికిడీ లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ సభ్యుల ముందు నిలబడి అంధుల పక్షాన నిలవమని కోరింది మొదలు కంటి సేవ క్లబ్బుల ముఖ్యమైన పనిగా సాగుతోంది. ముప్పై మందే వచ్చారని చిన్నబుచ్చుకోకండి, వారిలో పదిమందికి చూపు తిరిగివచ్చినా ఆ పది ఇళ్లకు అది చిన్న సంగతి కాదు.

రక్తం విషయం వేరు, అక్కడ కుప్పలుగా రావడమే చిక్కు. దానం చేసిన రక్తంలో ఎర్రకణాలు ఐదారు వారాలే నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఒక జయంతికో వర్ధంతికో అందరూ ఒకే రోజు ఇస్తే, రెండు నెలల తర్వాత అదే బ్లడ్ బ్యాంకులో కొరత వస్తుంది. పైగా మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు గడిస్తే గాని మళ్లీ ఇవ్వలేరు. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వారి అమ్మానాన్నలు పరీక్షల సెలవుల్లో, ఎండాకాలంలో దాతల కోసం పడే తిప్పలు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఆవరణలో నేను కళ్లారా చూశాను. ఆ రోజు వచ్చిన దాతల పేర్లు, గ్రూపులు ఒక పుస్తకంలో రాసుకొని, పదేసి మంది చొప్పున విడగొట్టి, ప్రతి వారం మీటింగులో "ఈ వారం వంతు ఎవరిది?" అని చదవండి. వారపు మీటింగుకు ఇంతకంటే మంచి పని నాకు తోచదు.

ప్రశ్న: ఒక ప్రాజెక్టు ఖర్చు గురించి నేను మీటింగులో అడిగిన ప్రశ్నకు ట్రెజరర్ గారు నొచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల స్నేహం. ఇప్పుడు మీటింగులో ఎదురుపడినా మాట లేదు. ఇద్దరి వైపూ మనుషులు చేరారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: లెక్క అడగడం తప్పు కాదు. లెక్క అడిగించుకునేదాకా ఆగడం కూడా మంచి పద్ధతి కాదు. మా క్లబ్బులో నెలాఖరు మీటింగున ట్రెజరర్ ఒక కాగితం మీద జమ, ఖర్చు, నిల్వ రాసి ప్రతి కుర్చీలో పెడతారు. ఎవరూ అడగనక్కరలేదు, ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ఈ పద్ధతి పెట్టమని మీ ప్రెసిడెంటు గారికి సూచించండి, అయితే అది మీ ఇద్దరి మధ్య మాట కలిశాకే. ఇప్పుడే చెబితే అది కూడా ఒక దెబ్బలాగే తగులుతుంది.

1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి, దివాలా అంచున ఉన్న తన కంపెనీని నిలబెట్టుకునే రోజుల్లో నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు: ఇది నిజమేనా? అందరికీ న్యాయమేనా? స్నేహాన్నీ సద్భావాన్నీ పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? 1943లో రోటరీ వాటిని తనవిగా స్వీకరించింది, నేటికీ చాలా మీటింగులలో చదువుతారు. మీ ప్రశ్న మొదటి రెండింటికీ నిలిచింది. నలుగురిలో, ముందు చెప్పకుండా అడగడం వల్ల మూడోదాని దగ్గర తడబడింది. ఆ ఒక్క విషయానికి మీరు క్షమాపణ చెప్పవచ్చు, లెక్క అడిగినందుకు చెప్పనక్కరలేదు. ఈ తేడా ఆయనకు నెమ్మదిగా వివరించండి.

మధ్యవర్తులను పంపకండి. మధ్యవర్తి మోసుకెళ్లే మాట దారిలో బరువు పెరుగుతుంది. మీటింగుకు రెండు రోజుల ముందు, పని ముగిసే వేళకు ఆయన దగ్గరికి మీరే ఒంటరిగా వెళ్లండి. "అన్నా, అందరి ముందు అడగకుండా ఉండాల్సింది" అని మొదలుపెట్టండి. ఆయన కోపంగా ఏమన్నా వినండి. ముప్పై ఏళ్ల స్నేహంలో ఆ మాత్రం చనువు ఆయనకు ఉంది. టీ తెప్పిస్తే తాగండి. మీటింగు నాడు మీ బండి మీద ఆయనను ఎక్కించుకొని వెళ్లి, ఇద్దరూ ఒకే వరుసలో కూర్చోండి. అటూ ఇటూ చేరిన మనుషులకు మీరు వేరే ఏమీ చెప్పనక్కరలేదు.