దుబాయ్‌లో తెరుచుకోని సైట్లు టెక్కలిలో ఎందుకు తెరుచుకుంటున్నాయి?

సందేహం: లాయరు గారూ, మాది టెక్కలి దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో వెల్డరు. ఇంట్లో నేను, మా అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే బాబు ఉంటాం. సంక్రాంతి వెళ్లాక వాడి ఫోన్లో బూతు వీడియోలు కనిపించాయి. గట్టిగా అడిగితే, విశాఖలో పని చేసుకునే మా బావగారి అబ్బాయి (22 ఏళ్లు) పండక్కి వచ్చినప్పుడు చూపించాడని చెప్పాడు. మా గుంటడి మీద పోలీసు కేసు అవుతుందా? మా ఆయన ఉన్న దేశంలో ఆ సైట్లు అసలు తెరుచుకోవట, మన గవర్నమెంటు ఎందుకు మూసెయ్యదు? ఏటి చెయ్యాలో తెలీక రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ టెన్షన్ తీసెయ్యండి. మీ బాబు మీద కేసు అవదు. పెద్దవాళ్లు ఉన్న బూతు వీడియో చూశాడని పదమూడేళ్ల పిల్లాణ్ని శిక్షించే సెక్షన్ మన దేశంలో లేదు. ఆ మాటకొస్తే పద్దెనిమిది దాటినవాడు తన గదిలో తానొక్కడే కూర్చుని చూసుకున్నా నేరం కాదు. ఐటీ చట్టంలో 67, 67ఏ సెక్షన్లు పట్టుకునేది ఆ వీడియోలు పెట్టినవాణ్ని, పంపినవాణ్ని. చూడటం కూడా నేరమయ్యేది వీడియోలో ఉన్నది పిల్లలైనప్పుడు. అప్పుడు 67బీ వస్తుంది, వెతికినా డౌన్‌లోడ్ చేసినా మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అలాంటివి ఫోన్లో ఊరికే ఉంచుకుంటే తప్పు లేదని మద్రాసు హైకోర్టు ఒక కేసులో అంటే, 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అనే మాటే వాడొద్దని కూడా కోర్టులకు చెప్పింది, ఎందుకంటే పోర్నోగ్రఫీ అంటే పెద్దవాళ్లు ఇష్టపడి చేసేదన్న అర్థం వస్తుంది, ఇక్కడ ఉన్నది ఒక బిడ్డ మీద జరిగిన అఘాయిత్యం.

గట్టిగా అడిగానన్నారు, కొట్టారో లేదో రాయలేదు. కొట్టి ఉంటే ఇక ఆపండి. వాడు దాచలేదు, అన్నయ్య పేరు చెప్పేశాడు. చెప్పినందుకు దెబ్బలు తింటే రేపు ఇంతకంటే పెద్దది జరిగినా నోరు విప్పడు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులు చూసేవాళ్లకు ఆ మౌనం ఎంత ప్రమాదమో బాగా తెలుసు.

ఇక మీ బావగారి అబ్బాయి సంగతి. ఇది మీకు వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ మెత్తగా చెప్తే మీకు నష్టం. పద్దెనిమిది లోపు పిల్లలకు అశ్లీలమైనది చూపించినా ఇచ్చినా భారతీయ న్యాయ సంహిత 295 సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. చెడు ఉద్దేశంతో చూపించాడని తేలితే పోక్సో చట్టం 11, 12 సెక్షన్లు కూడా వస్తాయి, అక్కడా మూడేళ్ల వరకు. పోక్సో కింద నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలని 21వ సెక్షన్. తల్లికైనా, అత్తకైనా, బడి మాస్టారికైనా మినహాయింపు లేదు. మన వైపు ఇలాంటివి ఇంటి గుట్టని, రేపు పెళ్లిళ్లు అవవని లోపలే అణిచేస్తారు. ఆ అబ్బాయి ఎలాంటివాడో నాకు తెలీదు, బుద్ధి లేని వేళాకోళమే అయ్యుండొచ్చు. అందుకే ముందు బాబును పక్కన కూర్చోబెట్టుకుని, అత్తగారు లేనప్పుడు, నెమ్మదిగా అడగండి: చూపించి ఊరుకున్నాడా, మీద చెయ్యి వేశాడా, ఫొటోలేమైనా తీశాడా, ఎవరికీ చెప్పొద్దని బెదిరించాడా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా బావగారితో పంచాయితీ పెట్టకండి, నేరుగా స్టేషన్‌కే.

ఇప్పుడు దుబాయ్ ప్రశ్న. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే, ఎందుకంటే మీరు అడిగినదానిలో న్యాయం ఉంది. అవును, అక్కడ ఆ సైట్లు మూసేస్తారు. కానీ మీ ఆయన మీతో మాట్లాడేటప్పుడు వాట్సాప్ కాల్ చెయ్యలేక బోటిమ్ లాంటి వేరే యాప్‌లోంచి చేస్తారు కదా? అక్కడ ఇంటర్నెట్ కాల్స్ మీద ఉన్న ఆంక్షల వల్లే ఆ తిప్పలు. ఏది తెరుచుకోవాలో, ఏది మూసుకోవాలో మొత్తం సర్కారు చేతిలో పెడితే ఆ చెయ్యి బూతు సైట్ల దగ్గరే ఆగదు, మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే దారి దాకా వస్తుంది. మన రాజ్యాంగం ఆ చేతికి కొలత పెట్టింది. 19వ అధికరణం మాట్లాడే, తెలుసుకునే స్వేచ్ఛ ఇస్తూనే సభ్యత, నైతికత పేరుతో సమంజసమైన ఆంక్షలు పెట్టొచ్చంది. 2017లో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. అలాగని పిల్లల్ని గాలికి వదిలెయ్యమని రాజ్యాంగం ఎక్కడా అనలేదు. పిల్లలు దోపిడీకి, నైతికంగా దిక్కులేనితనానికి గురికాకుండా రాజ్యం చూడాలని 39వ అధికరణంలోనే రాసి ఉంది.

మన గవర్నమెంటు ప్రయత్నించలేదని కూడా కాదు. 2013లో కమలేశ్ వాస్వానీ అనే లాయరు ఈ సైట్లన్నీ మూయించాలని సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2015 జులై ఆఖరున కేంద్రం 857 సైట్లను ఒక్కసారి ఆపమంది, దేశమంతా గోల లేచింది, నాలుగైదు రోజుల్లోనే సడలించి పిల్లల వీడియోలు ఉన్నవి మాత్రం ఆపితే చాలంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు గట్టిగా అడిగితే ఆ జాబితాలోంచి 827 సైట్లను మళ్లీ ఆపించారు, ఆ ఆదేశం వచ్చిన కొద్ది రోజుల్లోనే పెద్ద సైటు ఒకటి చిరునామా చివర మార్చుకుని ఇంకో పేరుతో దర్శనమిచ్చింది. పేర్ల జాబితా రాసుకుని తాళాలు వేసే పని ఎప్పటికీ ఇంతే, వాళ్లకు కొత్త పేరు పెట్టుకోవడానికి ఒక పూట చాలు. దీనిలో చట్టం చిక్కు కూడా ఉంది. సైట్లు మూయించే అధికారం ఐటీ చట్టం 69ఏ సెక్షన్‌లో ఉంటే, అందులో దేశ భద్రత, శాంతిభద్రతలు లాంటి కారణాలున్నాయి గానీ సభ్యత అన్న మాట లేదు. 2015 ఉత్తర్వును అందుకే ఇంకో సెక్షన్ మీద ఆధారపడి ఇచ్చారు. పిల్లల కోసమని సూటిగా రాసుకున్న చట్టం లేక పక్కదారిలో వెళ్లాల్సి వచ్చింది.

నా మాట అడిగితే, గవర్నమెంటు కచ్చితంగా కట్టడి చెయ్యాలి. 'తల్లిదండ్రులు చూసుకోవాలి గానీ సర్కారుకేం పని' అని టీవీలో వాదించేవాళ్లు మన జిల్లాను చూసి మాట్లాడాలి. తండ్రి దుబాయ్‌లోనో, వెరావల్ చేపల బోటు మీదో, హైదరాబాద్‌లో బిల్డింగు పని దగ్గరో ఉంటాడు. తల్లి పొద్దున్నే పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతుంది. ఇంట్లో ఉండేది ఫోన్లో పచ్చ బటనో ఎర్ర బటనో తప్ప తెలియని నాయనమ్మ. ఆ పెద్దావిడ దగ్గరకెళ్లి 'నువ్వు కాపలా కాయి' అని చెప్పడం అన్యాయం. కానీ ఆ కట్టడి ఎవరి మీద పడాలన్నదే అసలు విషయం. బడికి వంద గజాల లోపు బీడీ, సిగరెట్ అమ్మకూడదు, పద్దెనిమిది నిండనివాడికి ఎక్కడా అమ్మకూడదు, ఇది 2003 చట్టం. పిల్లలకు సారా గానీ పొగాకు గానీ ఇస్తే 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. రెండింటిలోనూ దోషి ఎవరు? అమ్మినవాడు, ఇచ్చినవాడు. కాల్చిన పిల్లాడు కాదు. బూతు సైటు నడిపి, ప్రకటనల మీద కోట్లు తినేవాణ్ని మాత్రం 'ఎవరికి చూపిస్తున్నావు' అని మన చట్టం ఇప్పటిదాకా సూటిగా అడగలేదు. 2021 ఐటీ నియమాలు ఓటీటీ వాళ్లను అడిగాయి, 'ఏ' రేటింగ్ ఉన్నదానికి వయసు చూసుకోవాలని, 13 ప్లస్ నుంచి తాళం వేసుకునే వీలు ఇవ్వాలని. ఎక్కడో విదేశంలో కూర్చుని నడిపే బూతు సైట్లు ఈ లెక్కలోకి రాలేదు, 'నాకు 18 నిండాయి' అన్న బటన్ ఒక్కటి నొక్కితే తలుపు తీసేస్తాయి.

బయటి దేశాలు ఈ తలుపు దగ్గరే పట్టుకున్నాయి. బ్రిటన్‌లో 2023 చట్టం ప్రకారం 2025 జులై 25 నుంచి బూతు సైట్లు నిజంగా వయసు తేల్చుకున్నాకే లోపలికి రానివ్వాలి, లేకపోతే ప్రపంచమంతా కలిపి వచ్చే రాబడిలో పది శాతం దాకా జరిమానా వెయ్యొచ్చు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం అలాంటి చట్టమే చేస్తే 2025 జూన్ 27న అక్కడి సుప్రీంకోర్టు 6-3తో నిలబెట్టింది. మాటల స్వేచ్ఛ అంటే ప్రాణం పెట్టే దేశంలో ఆ తీర్పు వచ్చిందని గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో రూలు రాగానే, వేరే దేశంలోంచి చూస్తున్నట్టు సైటును నమ్మించే వీపీఎన్ యాప్‌లు తెగ డౌన్‌లోడ్ అయ్యాయన్నదీ నిజమే, పదహారేళ్ల గడుసువాడు గోడ దూకుతాడు. కానీ తొమ్మిదేళ్ల పిల్ల పొరపాటున ఒక లింకు నొక్కి ఆ గదిలో పడకుండా ఉంటుంది, నాకు అది చాలా పెద్ద లాభం.

నా భయం ఇంకోటి. మన దగ్గర వయసు రుజువు అనగానే ఆధార్ అడుగుతారు. ఎవరు ఏ వీడియో చూశారో ఆధార్ నంబరుతో సహా ఒక విదేశీ కంపెనీ దగ్గర ఉంటే రేపు అది బ్లాక్‌మెయిల్ సరుకు అవుతుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, పిల్లల డేటా విషయంలో తప్పు చేసిన కంపెనీకి 200 కోట్ల దాకా జరిమానా అందులో ఉంది. దాని నియమాల్లో డిజిలాకర్ లాంటి వాటి ద్వారా వయసు తేల్చే టోకెన్ మాట కూడా వచ్చింది. పేరు, ఊరు ఏవీ చెప్పకుండా 'పద్దెనిమిది దాటారు' అన్న ఒక్క ముక్కే సైటుకు వెళ్లేలా అలాంటి టోకెన్ పెట్టి, దాన్ని బూతు సైట్లకు తప్పనిసరి చేసి, వినని సైటుకు మన దేశం నుంచి డబ్బు చేరే దారులు ఆపితే అది పిల్లల కోసం చేసిన చట్టం అవుతుంది. ఎంపీ గారు మీ ఊరు వచ్చినప్పుడు అడగాల్సింది ఇదే, అడగండి.

చట్టం వచ్చేదాకా ఆగలేం కాబట్టి ఇంట్లో పని కూడా చెప్తాను. బాబు ఫోన్‌కి గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టించండి, మీ ఆయన దుబాయ్‌లో ఉండి తన ఫోన్లోంచే ఏ యాప్ ఉంచాలో, రాత్రి ఎన్నింటికి ఫోను ఆగిపోవాలో చూసుకోవచ్చు. వెల్డింగు చేసి వచ్చిన మనిషికి రోజూ పది నిమిషాల పని, కానీ బాబుకు నాన్న ఉన్నట్టు ఉంటుంది.

చూడటం కంటే నాకు ఎక్కువ భయం పంపడం గురించి. నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో, ఊరు చెప్పను, చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, పదో తరగతి కుర్రాళ్లు ఇలాగే చూడటంతో మొదలెట్టి, తర్వాత తోటి ఆడపిల్ల ఫొటో ఒకటి వాట్సాప్ గ్రూపులో తిప్పారు. తీసినవాడు ఒకడే, ఫార్వర్డ్ చేసినవాళ్లు చాలామంది. అందరూ పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడ్డారు. ఒక తండ్రి వలస నుంచి రాత్రంతా రైల్లో నిలబడి వచ్చి, 'మావాడు తియ్యలేదమ్మా, వేలితో నొక్కాడంతే' అని నా చేతులు పట్టుకున్నాడు. ఆ నొక్కడమే నేరం, చట్టం దాన్ని పంపిణీ అంటుంది. ఆ అమ్మాయి ఆ ఏడాది బడికి రాలేదు. మీ బాబుకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి, భయపెట్టడానికి కాదు, వాడి వేలు ఏం చెయ్యగలదో వాడికి తెలియాలి కాబట్టి.

పిల్లలు ఉన్న వీడియో ఏదైనా ఆ ఫోన్లో కనిపిస్తే సాక్ష్యం కోసమని కూడా నాకు గానీ, మీ ఆయనకు గానీ పంపకండి, ఫోను పట్టుకుని స్టేషన్‌కి వెళ్లండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాయండి, పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. ఆ పోర్టల్ రావడం వెనక కూడా ఒక ఉత్తరమే ఉంది, 2015లో హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచారం వీడియోల గురించి సుప్రీంకోర్టుకు రాసింది, కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. బాబుతో ఎవరైనా మాట్లాడితే బాగుండునని మీకనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

బావగారి అబ్బాయి విషయంలో బాబు చెప్పింది విన్నాక స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే ఇవి అడిగి చేయించుకోండి, పోక్సో 24, 26 సెక్షన్లు మీ వైపే ఉన్నాయి. బాబు మాట మీ ఇంట్లోనే, లేదా వాడికి నచ్చిన చోట తీసుకోవాలి. వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు ఆడ ఎస్సై రావాలి. బాబును రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. మీరు పక్కనే కూర్చోవచ్చు. కేసు తీసుకోకుండా తిప్పి పంపితే సోమవారం శ్రీకాకుళం ఎస్పీ ఆఫీసులో జరిగే అర్జీల కార్యక్రమానికి కాగితం రాసుకుని రండి, రశీదు తీసుకోవడం మర్చిపోకండి.