పేటెంటును సవాలు చేసేటప్పుడు ముద్రిత ప్రచురణగా ఏది నిలుస్తుంది: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి,

ఒక అమెరికా పేటెంటును ఇంటర్ పార్టెస్ రివ్యూలో, అంటే ఇచ్చేసిన పేటెంటు చెల్లదని అమెరికా పేటెంటు కార్యాలయం ముందు వాదించే విచారణలో, సవాలు చేయడానికి పాత పత్రాలు వెతికే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఆ విచారణలో సవాలుకు పేటెంట్లు, ముద్రిత ప్రచురణలు మాత్రమే ఆధారం కావాలి. ఆ వస్తువు అంతకుముందే అమ్ముడైందనో, పలువురు వాడేవారనో చెప్పి నెగ్గే వీలు అక్కడ లేదు. కాబట్టి నీకు దొరికిన పత్రంలో ఆవిష్కరణ మొత్తం పొల్లుపోకుండా ఉన్నా, అది ముద్రిత ప్రచురణ అని రుజువు చేయలేకపోతే ఆ శ్రమంతా వృథా అవుతుంది.

అది అచ్చయిందా, టైపు చేసిందా అన్నది పెద్ద విషయం కాదు. ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉండి ఆసక్తి కలవారు తగినంత శ్రద్ధతో వెతికితే, పేటెంటు దరఖాస్తు తేదీని బట్టి చట్టం లెక్కించే కీలక తేదీకి ముందే అది వారికి దొరికేదా అన్నదే న్యాయస్థానం చూస్తుంది. క్లోప్‌ఫెన్‌స్టైన్ కేసును ముందుగా చదువు. 1998 అక్టోబరులో ధాన్య రసాయన శాస్త్రజ్ఞుల సమావేశంలో 14 స్లైడ్లను అట్టలపై అతికించి రెండున్నర రోజులు ప్రదర్శించారు. నవంబరులో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో మరొకసారి, ఒక రోజు కూడా నిండకుండా ఉంచారు. ఒక్క ప్రతి పంచలేదు, ఏ గ్రంథాలయంలోనూ చేర్చలేదు. అయినా అది ముద్రిత ప్రచురణే అని, పేటెంటు అప్పీళ్లు వినే అమెరికా కోర్టు ఫెడరల్ సర్క్యూట్ 2004లో తేల్చింది. ఎన్నాళ్లు ప్రదర్శించారు, చూసినవారు నిపుణులా, నకలు తీసుకోరాదన్న షరతు ఏదైనా ఉందా, చూసి రాసుకోవడం ఎంత సులువు అన్న నాలుగు విషయాలను బేరీజు వేసి ఆ నిర్ణయానికి వచ్చింది. సమావేశపు పత్రం ఏది చేతికి వచ్చినా ఈ నాలుగింటికీ నీ దగ్గర జవాబు ఉండాలి.

సిద్ధాంత గ్రంథాల విషయంలో అదే కోర్టు ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూడు. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కేటలాగుకెక్కిన ఒకే ఒక్క ప్రతి సరిపోతుందని 1986లో అన్నారు. అది అరలోకి చేరిన తేదీ కచ్చితంగా తెలియకపోయినా, గ్రంథాలయంలో మామూలుగా పాటించే పద్ధతిని బట్టి ఊహించవచ్చన్నారు. రీడ్ కాలేజీలో విద్యార్థుల వ్యాసాలకు రచయిత పేరు వరుసలో కార్డులు రాసి చెప్పుల పెట్టెలో ఉంచితే, అది చాలదని 1989లో అన్నారు. విషయాన్ని బట్టి వెతికేవారికి ఆ కార్డులు ఏ దారీ చూపవు. అంతర్జాలానికీ ఇదే వర్తిస్తుంది. 2018 నాటి యాక్సిలరేషన్ బే కేసులో ఒక విశ్వవిద్యాలయ వెబ్‌సైటులో నివేదిక ఉన్న మాట నిజమే అయినా, రచయిత, సంవత్సరం ప్రకారం తప్ప దానిని చేరే నమ్మదగిన మార్గం చూపలేకపోవడం వల్ల అది నిలవలేదు.

మన పసుపు కథ నీకు తెలిసినదే. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికాలో వచ్చిన ఆ పేటెంటును మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పునఃపరిశీలనకు పంపించి 1997లో రద్దు చేయించింది. దెబ్బకు పసుపు అద్దడం ప్రతి ఇంటికీ తెలిసినదే అయినా, ఆనాటి అమెరికా చట్టం విదేశాల్లోని వాడుకను లెక్కలోకి తీసుకోలేదు. పనికొచ్చినవి సంస్కృత గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం వంటి రాతలే. మన 1970 చట్టం 25వ సెక్షను కింద అభ్యంతరం చెప్పేటప్పుడు స్థానిక సమాజాల మౌఖిక జ్ఞానాన్ని కూడా ముందుకు తేవచ్చు. ఆ అలవాటుతో అమెరికా పిటిషను రాయకు.

ఇక రుజువు సంగతి. పుస్తకంపై కాపీరైటు సంవత్సరం కనిపించగానే తృప్తి పడవద్దు. ఈ విచారణలు జరిపే పేటెంటు బోర్డు హులు కేసులో 2019లో ఇచ్చిన నిర్ణయం ప్రకారం, విచారణ మొదలుపెట్టించడానికి అది బహిరంగంగా అందుబాటులో ఉండేదని నమ్మదగిన అవకాశం చూపితే చాలు, కానీ తుది తీర్పు నాటికి అంతకంటే బలమైన సాక్ష్యం కావాలి. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇచ్చే అఫిడవిట్ ఆ పేజీ ఆ తేదీన ఉందని మాత్రమే చెబుతుంది. దానిని ఎవరు, ఎలా కనుగొనేవారో వేరే సాక్షి చెప్పాలి. గ్రంథాలయపు తేదీ ముద్ర, కేటలాగు నమోదు, గ్రంథాలయాధికారి వాంగ్మూలం మూడూ పిటిషనుతోపాటే దాఖలు చేయించు. సమావేశాల విషయంలో హాజరైనవారు గోప్యతకు కట్టుబడ్డారేమో నిర్వాహకులను లిఖితపూర్వకంగా అడుగు. ఆనాటి కేటలాగు పద్ధతి ఎరిగిన ఉద్యోగులు ఇంకా పనిలో ఉన్నారో, పదవీ విరమణ చేశారో ఈ వారంలోనే కనుక్కొని, ఉన్నవారితో వెంటనే మాట్లాడు.

ఆశీస్సులతో,
మామయ్య