కంసాలి కుంపటి దగ్గర చదివిన పౌడీ

మీ ప్రశ్నలో రెండు సందేహాలున్నాయి. సిక్కుల ఇంటికి కోడలిగా వచ్చిన తర్వాత, గురు నానక్ రచించిన ఉదయ ప్రార్థన అయిన జప్‌జీ సాహిబ్‌ను తెలుగు లిపిలో అచ్చయిన చిన్న పుస్తకంలో చూసి ప్రతి ఉదయం చదువుతున్నారు కానీ, అర్థం తెలియనప్పుడు అది పాఠమే (భక్తితో చేసే పఠనమే) అవుతుందా అన్నది మొదటిది. చదువుతూ మధ్యలో ఆగి ఆలోచించకూడదని మీ అత్తగారు అన్నారు కనుక ఆ అర్థాన్ని ఎప్పుడు, ఎలా మననం చేసుకోవాలన్నది రెండవది. నేను హైదరాబాదులో పుట్టి పెరిగిన దక్కనీ సిక్కును, నిజాం దివాను చందూలాల్ కాలంలో మహారాజా రంజీత్ సింగ్ ఇక్కడికి పంపిన సైనికుల సంతతికి చెందినదాన్ని. ఇంట్లో ఏ భాష మాట్లాడినా నేను బడిలో చదువుకున్నదీ, మనసులో ఆలోచించేదీ తెలుగులోనే కాబట్టి, గురుబాణీ (గురువుల పవిత్ర వాక్కు) నాకు తెలుగులోనే లోపలికి దిగింది.

అర్థం తెలియక చదివినది వృథా అని నేను ఎన్నటికీ అనను. నోటికి వచ్చిన బాణీ కష్టకాలంలో దానంతట అదే పెదవుల మీదికి వస్తుంది, అది చిన్న సంగతి కాదు. అయితే అక్కడితో ఆగిపోవడం గురువుల ఉద్దేశం కాదని బాణీయే సాక్ష్యం చెబుతోంది. తెల్లవారుజామున మనిషి చేయవలసిన పనేమిటో జప్‌జీ నాలుగో పౌడీలో (పద్యంలో) ఉంది: ‘అమ్రిత్ వేలా సచ్ నాఉ వడిఆఈ వీచార్’. ఆ వేళలో సత్యనామాన్నీ, దాని గొప్పతనాన్నీ ఆలోచించమని అక్కడ గురు నానక్ ఆదేశం. 1604లో ఆది గ్రంథాన్ని (ఇప్పటి గురు గ్రంథ్ సాహిబ్ తొలి రూపాన్ని) కూర్చిన గురు అర్జన్ కూడా గ్రంథం చివర వచ్చే ముందావణీలో, ఈ పళ్లెంలో మూడు పదార్థాలు వడ్డించానని చెప్పి సత్యాన్నీ, తృప్తినీ, ఆలోచననూ పేర్కొన్నారు. తిన్నవారికే కాదు, ఆస్వాదించిన వారికి ఉద్ధరణ అని కూడా అన్నారు. వడ్డించినవారే మూడవదిగా ఆలోచనను పెట్టినప్పుడు దాన్ని పక్కకు నెట్టి లేవడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం.

ఎలా ఆలోచించాలో నాకు నేర్పినది మా దాదాజీ, అంటే తాతగారు. మా పిన్ని పెళ్లికి దాదీ పాత బంగారు గాజును కరిగించి కొత్త నగ చేయించాలనుకున్నప్పుడు, ఆయన నన్ను కూడా పాతబస్తీలో మాకు తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకువెళ్లారు. అప్పటికి జప్‌జీలోని ముప్ఫై ఎనిమిది పౌడీలూ నాకు కంఠతా వచ్చు. ఆచారిగారు కుంపటిలో బొగ్గులు రాజేస్తుండగా దాదాజీ నన్ను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టి చివరి పౌడీ చెప్పమన్నారు. ‘జత్ పాహారా ధీరజ్ సునిఆర్, అహరణ్ మత్ వేద్ హథీఆర్, భఉ ఖలా అగన్ తప్ తాఉ, భాండా భాఉ అమ్రిత్ తిత్ ఢాల్’ అని గడగడా చెప్పేశాను. ఆయన మెచ్చుకోలేదు. ‘ఇప్పుడు నెమ్మదిగా చెప్పు, నువ్వు చెప్పిన ప్రతి వస్తువునూ ఇక్కడ వేలితో చూపించు’ అన్నారు.

నేను ఒక్కొక్క మాటా పలికి ఆగుతుంటే ఆయన తెలుగులో విప్పి చెప్పసాగారు. నిగ్రహం కొలిమి, బుద్ధి దాగలి, జ్ఞానం సుత్తి, దైవభీతి గాలి ఊదే తిత్తి, తపస్సు నిప్పు, ప్రేమ బంగారం కరిగే మూస. నా వేలు వరుసగా ఆ వస్తువులన్నింటి మీదికీ వెళ్లింది, తిత్తి దగ్గర మాత్రం ఆచారిగారి చేతిలోని ఊదుగొట్టాన్ని చూపించాను. మిగిలినది కంసాలి, అంటే ఓర్పు. అప్పుడు వేలు ఆచారిగారి వైపే తిరగవలసి వచ్చింది. ఆ పద్యంలో మిగిలినవన్నీ పనిముట్లు, ఓర్పు ఒక్కటే మనిషి. మనిషి లేచిపోతే ఎంత మంచి సుత్తి అయినా దాగలి పక్కన పడి ఉంటుంది. ఈ సంగతి నాకు ఎవరూ వివరించలేదు, వేలితో చూపించడం వల్లనే తెలిసింది.

ఆచారిగారు మూసలో గాజు ముక్కలు వేసి, వెలిగారం చల్లి, ఊదుతూ ఊదుతూ మా మాటలు వింటున్నారు. దాదాజీ భయాన్ని గురించి, ప్రేమను గురించి చెప్పినదంతా విన్న తర్వాత ఆయన అన్న మాట నేను మరచిపోలేదు. ‘ఊదడం ఎవరైనా ఊదుతారు సర్దార్‌గారూ, మూస నిలవాలి. మూసలో సన్నని చీలిక ఉన్నా బంగారమంతా బూడిదలో కలిసిపోతుంది’ అన్నారు. గురు నానక్ భయాన్ని గాలి దగ్గర ఉంచి, ప్రేమను పాత్ర స్థానంలో ఎందుకు ఉంచారో ఆ మాటతో తెలిసిపోయింది. భయం నిప్పును రాజేయగలదే తప్ప కరిగినదాన్ని పట్టి ఉంచలేదు. భయపెట్టి పిల్లల చేత పాఠం చేయించే పెద్దలందరూ ఈ పాదాన్ని ఒకసారి కంసాలి దగ్గర కూర్చుని చదవాలని అప్పటినుంచీ నేను చెబుతూనే ఉన్నాను.

పోతపోసిన బంగారాన్ని రేకుగా సాగగొడుతూ ఆయన మాటిమాటికీ దాన్ని మళ్లీ నిప్పులో పెడుతుంటే, పని ఎప్పటికి ముగుస్తుందో అని నేను కదలడం మొదలుపెట్టాను. ‘కొట్టేకొద్దీ గట్టిపడుతుంది తల్లీ, గట్టిపడినదాన్ని అలాగే కొడితే పగులుతుంది. కాల్చి మెత్తబరిచి మళ్లీ కొట్టాలి’ అన్నారు ఆచారిగారు. జ్ఞానమనే సుత్తి దెబ్బలు మాత్రమే తిని తపస్సు వేడి తగలని మనసు గట్టిపడి పగులుతుందని ఆ పౌడీకి నేను చెప్పుకునే వ్యాఖ్యానం. ఏ పండితుడైనా దీనిని రాశాడో లేదో నేను వెతకలేదు, వెతకవలసిన అవసరమూ కనిపించలేదు.

ఈ పౌడీ ఉన్న చోటు కూడా గమనించండి. ముప్ఫై నాలుగు నుంచి ముప్ఫై ఏడు వరకు ధరమ్ ఖండం మొదలుకొని సచ్ ఖండం దాకా ఐదు లోకాల వర్ణన నడుస్తుంది. నిరాకారుడు నివసించే ఆ చివరి లోకాన్ని మాటల్లో చెప్పడం ఇనుమంత కఠినమని ముప్ఫై ఏడో పౌడీ ముగుస్తుంది. వెంటనే మనం దాగలి, సుత్తి, నిప్పు ఉన్న పనిశాలలో ఉంటాము. అంత ఎత్తు చూపించిన తర్వాత గురువు మనల్ని చేతిపని దగ్గరికి తీసుకువచ్చి కూర్చోబెట్టారు. ఆగకుండా పరుగెత్తించే పాఠంలో ఈ మలుపు ఎవరికీ వినిపించదు.

ఆ పరుగు నన్ను నిజంగా బాధపెడుతుంది. వేగం పెంచిన ఆడియోలో జప్‌జీని వంటగదిలో పెట్టి పాఠం అయిపోయిందనుకునేవారున్నారు. గ్రంథంలోని ఫలానా కీర్తనను, అంటే శబద్‌ను ఇన్నిసార్లు చదివితే వీసా వస్తుందని ఫోన్లలో పంపేవారున్నారు. గ్రంథమంతా ఆగకుండా చదివే నలభై ఎనిమిది గంటల అఖండ పాఠం పెట్టించి, చదివే భాయీజీని ఒంటరిగా వదిలి పక్కగదిలో కబుర్లలో పడే ఇళ్లు నేను కళ్లారా చూశాను. 1945లో ఆమోదించిన సిక్కుల నియమావళి, సిక్కు రహిత్ మర్యాద, ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది: వినేవారికి అర్థం కానంత వేగంగా చదవడం బాణీకి అగౌరవం, ఇంటివారెవరూ వినకుండా పాఠీ ఒక్కడే చదువుకుంటూ పోవడం ఎంతమాత్రం జరగకూడదు.

తెలుగులో అర్థం చేసుకోవడం తక్కువ అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. గ్రంథ్ సాహిబ్‌లో గురువుల బాణీ పక్కనే కాశీ కబీరు, ముల్తాను ప్రాంతపు షేక్ ఫరీద్, విఠలుణ్ణి పిలిచిన మరాఠీ నామ్‌దేవ్ ఉన్నారు. ఎవరి పలుకుబడి వారిది. 1708లో గురు గోవింద్ సింగ్ గ్రంథానికి గురుత్వం ఇచ్చిన నాందేడ్ మన గోదావరి ఒడ్డునే ఉంది, ఒకప్పుడు హైదరాబాదు రాజ్యంలోని ఊరే. ఇక్కడి గురుద్వారాలలో కథ (బాణీకి చెప్పే వ్యాఖ్యానం) తెలుగులో కూడా జరగాలని, బడిలో తెలుగు చదివే మా పిల్లలకు అది హక్కు అని నేను కోరుతూనే ఉంటాను. పాఠం మాత్రం మూలంలోనే చేయండి, వీలైతే గుర్ముఖి లిపి నేర్చుకోండి, ఆలోచన మీ భాషలో సాగనివ్వండి.

ఇక మీ రెండవ సందేహం. పాఠం మధ్యలో ఆగవద్దన్న మీ అత్తగారి మాట పాటించండి, అందులో క్రమశిక్షణ ఉంది. పాఠం ముగిశాక ఒక్క పౌడీని మాత్రం వెంట ఉంచుకోండి. మొదట ఇరవయ్యో పౌడీ తీసుకొమ్మని నా సలహా: చేతులకూ కాళ్లకూ అంటిన మట్టిని నీళ్లు కడుగుతాయి, మలినమైన బట్టను సబ్బు శుభ్రం చేస్తుంది, పాపంతో మాసిన బుద్ధిని నామపు రంగు కడుగుతుంది అని అందులో ఉంది. బట్టలు ఉతికేటప్పుడు దాన్ని నెమ్మదిగా చెప్పుకోండి, ఏ మరక ఎంతసేపటికి పోతుందో చూస్తూ చెప్పుకోండి. ఆ పౌడీ మీకు చాలినంత చెప్పిందని అనిపించేవరకు మరొకదానికి వెళ్లవద్దు, వారాలు పట్టినా ఫరవాలేదు. శబద్‌లకు వచ్చినప్పుడు ‘రహాఉ’ అని గుర్తున్న పాదాన్ని ముందు చదవండి, ఆ శబద్ ప్రధాన భావం సాధారణంగా అక్కడే ఉంటుంది, మిగిలిన పాదాలు దాని చుట్టూ అల్లుకుని ఉంటాయి. సాయంత్రపు ప్రార్థన రహిరాస్ అయిన తర్వాత మీ అత్తగారినే ఆ పౌడీ గురించి అడగండి. ఎన్నో ఏళ్లుగా చదువుతున్న ఆమెకు అందులో ఏ పాదం ఇష్టమో, ఎందుకు ఇష్టమో చెప్పమనండి.